అడిక్‌మెట్ జాగీరు ఎవరిది?

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం చరిత్ర చెప్పమంటే అందరూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరే మొదలుపెడతారు. 1934లో పునాదిరాయి, 1939 డిసెంబరులో ఏడో నిజాం చేతుల మీదుగా ప్రారంభం, బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనా, గులాబీ ఛాయ గ్రానైటు. అంతా నిజమే. కాకపోతే ఆ భవనం లేవడానికి వందేళ్లకు పైగా ముందే ఈ నేల మహలఖా బాయి చందా జాగీరు.

1768లో పుట్టిన చందా నిజాం దర్బారులో నాట్యానికి, గానానికి, ఉర్దూ గజలుకు పేరుమోసింది. రెండో నిజాం యుద్ధానికి వెళ్తే మగవేషంలో వెంట నడిచేదట. ప్రభువుల సరసన కూర్చునే హోదా దక్కింది, జాగీర్లు దక్కాయి. వాటిలో ఒకటి అడిక్‌మెట్. 1798లో తన గజళ్లను దివానుగా కూర్చుకుంది. మరుసటి ఏడాది ఒక ప్రతిని కంపెనీ అధికారి జాన్ మాల్కంకు బహూకరించింది; అదిప్పుడు లండన్‌లో ఉంది. తవాయిఫ్ (ఆటపాటల వేశ్య) అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్లకు ఇవేవీ పట్టవు.

జాగీరంటే శిస్తు, శిస్తంటే పంట, పంటంటే నీళ్లు. ఇటలీలోని టివోలీలో విల్లా డెస్టే తోటలకు అనియెనె నది నీరు పల్లానికి తనంతట తానే దూకి వస్తుంది, ఫౌంటెన్లలో చిమ్ముతుంది. మన రాతినేలకు ఆ భాగ్యం లేదు, కిందికి దిగి తోడుకోవాల్సిందే. తార్నాక పక్కన ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆవరణలో చందా పేరు మోస్తున్న మెట్లబావి ఆ అవసరంలోంచి పుట్టిందే.

1918లో విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక తరగతులు కొన్నేళ్లు ఊళ్లోని పాత భవనాల్లోనే నడిచాయి. శాశ్వత స్థలంగా అడిక్‌మెట్‌ను సూచించింది స్కాట్లండ్ నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్. ఇఫ్లూకు మూలమైన ఆంగ్ల సంస్థ 1958లో వచ్చింది.

జాగీరు సరే, చందా తోట చూడాలంటే మాత్రం మౌలాలి గుట్ట కిందికి వెళ్లాలి. తల్లి రాజ్ కన్వర్ బాయి కోసం 1792లో అక్కడ సమాధి కట్టించి, చుట్టూ ఇరానీ పద్ధతిలో చార్‌బాగ్ (నాలుగు భాగాల తోట) వేయించింది. 1824లో కన్నుమూశాక ఆమెనూ తల్లి పక్కనే ఖననం చేశారు. 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ ఆవరణను బాగుచేశారు. తార్నాక నుంచి అట్టే దూరం కాదు. బావిని ముందు చూసి వెళ్తే మేలు.