మనస్సును చదువువారికి మరల చదువు



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుంటిని. సంస్కృతము చదివి, పిమ్మట ఉపాధ్యాయ శిక్షణము పొంది, ఇక నేర్వవలసిన దేమియు లేదని తలచితిని. మా బడిలో నొక బాలుడుండెను. నోటిలెక్కలలో వానికి సాటి లేరు. పుస్తకము తెరచిన నక్షరములు తారుమారు చేయుచుండెను. సోమరి యని వానిని దండించితిని. అది డిస్లెక్సియా యను పఠన లోపమనియు, వేఱు విధముగా బోధించిన నేర్చుననియు పదవి విడిచిన పిదపనే తెలిసికొంటిని. నా చదువు పాతబడిన నష్టము నా బాలు డనుభవించెను.

ఈ ప్రమాదము మనస్తత్త్వ చికిత్సకుల విషయమున మఱింత పెద్దది. క్లినికల్ సైకాలజిస్టు లనబడు వీరు మందు లీయరు. పరీక్షలచేతను, సంభాషణముచేతను, అభ్యాసములచేతను మనోవ్యథను తగ్గింతురు. 1954లో బెంగుళూరున అఖిల భారత మానసికారోగ్య సంస్థ నెలకొనగా, 1955లో నచ్చట నీ విద్య బోధింప నారంభించిరి. అదియే 1974లో నిమ్హాన్సు అయ్యెను.

ఆ తొలినాటి విద్యార్థి యొకడు పట్టము పుచ్చుకొని గ్రంథము మూసె ననుకొందము. స్వలింగానురాగము రోగమని యతడు చదివియుండును. 1973లో అమెరికా మనోవైద్య సంఘము దానిని రోగముల పట్టికనుండి తొలగించెను. 1990లో ప్రపంచారోగ్య సంస్థయు నట్లే చేసెను. ఆత్మహత్యకు యత్నించుట నేరమని యతడు చదివియుండును. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్ర మనఃక్లేశమున నున్నాడని యెంచి, శిక్షకు మాఱు సంరక్షణ నొసగవలెనని విధించెను. ఇవి యెఱుగని చికిత్సకుడు రోగము లేనివానికి రోగ మంటగట్టును. ఓదార్పు కోరి వచ్చినవానిని భయపెట్టును.

కావుననే 1992 నాటి చట్టముచే నధికారము పొందిన భారత పునరావాస పరిషత్తు, వీరి పేర్లు పట్టికలో నెక్కించుటతో తృప్తి నొందక, అప్పుడప్పుడు విద్యాసభలకు హాజరై అంకములు గడింపవలెనని నియమించినది. సభలో కునికినను అంకములు వచ్చునని కొంద ఱాక్షేపింతురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. నియమము మనుష్యుని సభకు దేగలదు గాని వినిపింపజాలదు. అయినను నియమమే లేకున్న నావంటివారు సభకే రారు.

గురుకులము విడిచిపోవు శిష్యునికి స్వాధ్యాయము మానవలదని మన పెద్దలు బోధించెడివారు. చదువు ముగించినవానికే యా హెచ్చరిక యవసరమని వా రెఱుగుదురు. మీ యొద్దకు సలహాకై వచ్చువారు గ్రామమున పలువు రుందురు. వారి బిడ్డను చికిత్సకుని కడకు పంపునపుడు, గోడమీది పట్టమును చూచి యూరకుండక, "అయ్యా, ఈ నడుమ క్రొత్తగా నేమి నేర్చితిరి?" అని యడుగుడని చెప్పుడు. ముప్పదియైదేండ్లలో నన్నెవ్వరు నా ప్రశ్న యడుగలేదు.