తైలం మరచిన మర

చరిత్రలో రాజులకు చోటుంది, యుద్ధాలకు చోటుంది. ఒక ఇనుప మరకు మాత్రం చోటు దొరకడం అరుదు. అటువంటి మర కథనొకదాన్ని ఈ టపాలో చెప్పదలచాను. తెలుగు పండితునికి కార్ల గొడవ ఎందుకని మిత్రులు నవ్వినా సరే, చివరిదాకా చదవమని మనవి.

ఇంగ్లండులోని కవెంట్రీలో స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే చిన్న కుటుంబపు కారును విడుదల చేసింది. దాని రూపశిల్పి ఇటలీ దేశస్థుడు మికెలోట్టి. 1961 నుండి మద్రాసులో అదే కారు 'స్టాండర్డ్ హెరాల్డ్' పేరుతో తయారైంది. నా ఈడువారు దానిని మన వీధులలో చూచే ఉంటారు. 1962లో హెరాల్డు చట్రాన్ని కుదించి, ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును నిర్మించారు. అది 1980 వరకు వెలువడింది. అదే 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ సైతం ముందు చక్రాల దగ్గర ట్రయంఫ్ భాగాలనే స్వీకరించింది. సామాన్య గృహస్థు కారులోని అవయవం పందెపు గుర్రాల వంటి బండ్లకు కాలయిందన్నమాట.

ఆ అవయవం నిర్మాణం విచిత్రమైనది. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు లింకు అడుగుభాగాన మరచుట్లు ఉంటాయి. ఆ చుట్లు ట్రనియన్ అనే రాగిమిశ్రమ లోహపు దిమ్మలో బిగుస్తాయి. స్టీరింగు తిప్పినప్పుడల్లా లింకు ఆ దిమ్మలో మరమేకు వలె కొద్దిగా పైకీ కిందికీ కదులుతుంది. కుడి ఎడమల మరచుట్లు పరస్పరం వ్యతిరేక దిశలలో ఉంటాయి. హెరాల్డు సుమారు 25 అడుగుల వ్యాసంలోనే గిరుక్కున తిరిగేదంటే, ముందు చక్రాలు అంతగా మళ్ళడానికి ఈ ఏర్పాటు అనుకూలించినందువల్లనే.

దీనికి గ్రీజు కాక, గేరుపెట్టెలో పోసే చిక్కని నూనె పట్టించాలని తయారీదారుల నిర్దేశం. సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి నూనె, చెలిమి అని రెండర్థాలు. ఇక్కడ రెండూ ఒక్కటే. నూనె మరచుట్ల అడుగుదాకా జారి చేరుతుంది; గ్రీజు పైననే నిలిచి గట్టిపడుతుంది. కానీ గ్రీజు గన్ను చేతనున్న మెకానిక్కుకు రంధ్రం కనబడితే చాలు, గ్రీజే పట్టిస్తాడు. లోపల నీరు చేరి ఉక్కు తుప్పు పడుతుంది, చుట్లు అరుగుతాయి. చివరకు స్టీరింగు బాగా మళ్ళించిన క్షణాన లింకు విరిగి చక్రం ఒరిగిపోతుంది. అపకీర్తి మాత్రం ట్రనియన్‌కు మిగిలింది.

ఈనాటికీ స్పిట్‌ఫైర్లను పోషించుకొనేవారు ఈ భాగాలను మార్చుకొంటూనే ఉన్నారు. ఆ బండి బానెట్టు మొత్తం ముందుకు ఒరుగుతుంది గనుక పని ఇంటివద్దనే సాగుతుంది. బండిని జాకీతో లేపి, స్టాండులమీద నిలిపి, చక్రం విప్పుతారు. బ్రేకు కాలిపర్‌ను గొట్టం లాగబడకుండా తీగతో కట్టి ఉంచుతారు. క్రింది విష్‌బోనులోని పొడవాటి బోల్టు తుప్పుతో బిగిసి, ఒక్కొక్కప్పుడు రంపానికి గాని లొంగదు. పాత ట్రనియన్ విప్పాక లింకు మరచుట్లను శుభ్రం చేసి పరీక్షించాలి. అరుగుదల గాని గుంటలు గాని కనబడితే లింకునూ మార్చాలి. కొత్త నైలాన్ బుష్‌లు, నీరు చొరనీయని సీళ్ళు వేయాలి. ట్రనియన్‌ను పూర్తిగా బిగించి, తిరుగుడుకు అడ్డురాకుండా కొంచెం వెనక్కు విప్పి, ఆపైన నూనె పట్టించాలి.

నలభైకి పైగా ఏండ్లు గడచిన బండ్లకు కొత్త భాగాలు దొరుకుతూనే ఉన్నాయి. ఎందుకు అరిగిందో చెప్పే మాట మాత్రం ఒక చేతినుండి మరొక చేతికి మారేటప్పుడు జారిపోతుంది. కొన్నవాడికి అమ్మినవాడు తాళం ఇస్తాడు, కాగితాలిస్తాడు. 'దీనికి నూనే పోయాలి' అన్న మాట ఇవ్వడు. అందువల్ల కొత్త ట్రనియన్ సైతం పాతదాని దారినే పడుతుంది. భాగం మార్చినవారు ఆ ఒక్క వాక్యాన్నీ కాగితంమీద వ్రాసి బండిలో ఉంచితే, తరువాతి యజమాని చక్రం ఒరగకుండా ఉంటుంది.