అగ్నిపర్వతంతో లెక్క

కొండ ఎక్కాలంటే ఏం కావాలి? గట్టి జోళ్ళు, చేతికర్ర, మంచినీళ్ళు, మోకాళ్ళలో కాస్త సత్తువ. మరి నిప్పులు కక్కే కొండ అయితేనో? వీటికి తోడు లెక్కలు కూడా రావాలి.

నమ్మకం కుదరకపోతే జర్మన్ మహాకవి గెటే సంగతి వినండి. 1787 మార్చిలో ఆయన ఇటలీలో నేపుల్స్ పక్కనున్న వెసూవియస్ ఎక్కాడు. కొండ ఊరికే లేదు. ఉండుండి గర్జించి రాళ్ళు ఎగజిమ్ముతోంది. దారి చూపేవాళ్ళు నడుముకు తోలుపట్టీలు బిగించుకుంటే, వాటిని పట్టుకుని యాత్రికులు పైకి పాకాలి. అప్పట్లో అదీ ఏర్పాటు!

పైన ఒక పడుచు గైడూ, ఆయనా కలిసి ఉపాయం పన్నారు. ఒక పేలుడుకీ మరో పేలుడుకీ మధ్య ఎంత వ్యవధి ఉందో చూసుకున్నారు. ఆ సందులో గబగబా వెళ్ళి, బిలంలోకి తొంగిచూసి, తిరిగి వచ్చెయ్యాలి. నెత్తికి దెబ్బ తగలకుండా టోపీల్లో గుడ్డలు కుక్కుకున్నారు. లెక్క బాగానే కట్టారు గాని, తీరా అంచున నిలబడ్డాక ఆ అగాధాన్ని చూస్తూ లెక్క సంగతే మరిచిపోయారు. ఢామ్మని పేలింది! రాళ్ళు పక్కనుంచే దూసుకుపోయాయి. టోపీల మీదా, భుజాల మీదా బూడిదతో ఎలాగో దిగొచ్చారు. అదృష్టం అనాలి.

అందరికీ ఆ అదృష్టం ఉండదు గదా. 1841లో ఆ కొండ వాలున వేధశాల పెట్టారు. అయినా 1872 ఏప్రిల్లో, లావా చూద్దామని వెళ్ళిన జనంలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళలో విద్యార్థులూ ఉన్నారు. ఆ గండంలోనూ వేధశాల వదలకుండా పని చేసుకుంటూ కూర్చున్నవాడు దాని అధిపతి పాల్మియేరీ. మరి 8 ఏళ్ళు తిరిగేసరికి, 1880లో, అదే కొండకు తాళ్ళతో లాగే రైలు పడింది! దాని మీద పాట కూడా కట్టారు. 1944 విస్ఫోటంతో రైలు కథ ముగిసింది. కొండ మాత్రం అప్పట్నుంచీ పెదవి విప్పలేదు.

ఇప్పుడు యంత్రాలున్నాయి కదా అంటారా? ఉన్నాయి, ఎందరినో కాపాడుతున్నాయి కూడా. కాని జపాన్‌లో ఓంటాకే సంగతి చూడండి. 2014 సెప్టెంబరు 27, శనివారం. ఆకులు రంగు మారే రోజులు. ప్రమాద సూచిక అన్నిటికన్నా కింది మెట్టు మీదే ఉంది. శిఖరం మీద జనం. ఉదయం 11 గంటల 52 నిమిషాలకు కొండ పేలింది. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై చిమ్మే ఇలాంటి పేలుడు ముందుగా కబురంపడం అరుదు. 58 మంది చనిపోయారు. మరో 5గురి జాడ తెలియలేదు. ఆ తరవాత కొండ మీద తలదాచుకునేందుకు గట్టి గదులు కట్టారు.

కనుక అగ్నిపర్వతానికి ప్రయాణం కట్టేవాళ్ళు ముందు వేధశాల మాట కనుక్కోవాలి. వద్దన్న చోటికి వెళ్ళకూడదు. హెల్మెట్, బూడిద పీల్చకుండా మూతికి గుడ్డ ఉండాలి. తలదాచుకునే చోటు ఎక్కడుందో పైకి వెళ్ళేటప్పుడే చూసుకోవాలి. పైన ఎన్ని నిమిషాలుండాలో కిందనే తేల్చుకోవాలి. ఆ నిమిషాలు అయ్యాక, ఎంత అందంగా ఉన్నా సరే, వెనక్కి తిరగాలి.

గెటేకి ఆ కొండ ఓ క్షణం అరువిచ్చింది. అందరికీ ఇవ్వాలని రూలేం లేదు.