మార్చిన కథలు – తూచవలసిన తీరు

ఒకరు చెప్పిన కథను మరియొకరు తీసికొని తమ మనస్సునకు తోచినట్లు మార్చి చెప్పుట చేతగానివారి పనియని కొందరు పెద్దలు తలచుచున్నారు. మార్చినదెల్ల మెచ్చదగినదేయని కొందరు యువజనులు తలచుచున్నారు. నవలలలోని నాయికలను, చలనచిత్రములలోని నాయకులను తీసికొని మన యిండ్లలోని పిల్లలే కొత్త కథలు వ్రాసి, చదువుమని యొకరికొకరు చెప్పుకొనుచున్న కాలమిది. పెద్దలు చూచి నవ్వుదురు, పిల్లలు నొచ్చుకొందురు. ఉభయులకును కావలసినది ఒక కొలత. ఆ కొలత మన సాహిత్య చరిత్రలోనే, అందును మనము అంతగా తలపని యొక మూలనే, దొరకునని మా నమ్మకము.

నిజామాబాదు జిల్లా యనగానే గోదావరిపై పోచంపాడు కడనున్న ఆనకట్టయు, మంజీరపై నిజాంసాగరమును, 1937లో బోధనున నెలకొల్పిన చక్కెర కర్మాగారమును తలపునకు వచ్చును. పోచంపాటి పనికి 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఈ నీటి చరిత్ర, ఈ చెరకు చరిత్ర అందరెరిగినవే. ఆ చెరకు తోటలకు వేయియేండ్లకు ముందే ఆ నేలపై కథలు పండినవని ఎరిగినవారు మాత్రము తక్కువ.

బోధను వేములవాడ చాళుక్యులకు తొలి రాజధాని. జైనుల కథలలో బాహుబలి యేలిన పౌదనపురము ఈ బోధనేయని పెక్కురు పండితులు చెప్పుదురు. ఆ చాళుక్య వంశమువాడే రెండవ అరికేసరి. అతడు రాష్ట్రకూటులకు సామంతుడై వేములవాడనుండి పాలించెను. అతని కొలువున పంపడను జైనకవి యుండెను. ఇతని పూర్వులు వేంగినాటి బ్రాహ్మణులు. తండ్రి జైనమతము స్వీకరించెను. పంపడు కన్నడమున రెండు మహాకావ్యములు వ్రాసెను. ఒకటి ఆదిపురాణము, రెండవది విక్రమార్జున విజయము. రెండును 941 ప్రాంతమునవే. ఆ రెండింటిలో ఏ కథయు అతని సొంతము కాదు. మొదటిదానికి జినసేనాచార్యుల సంస్కృత గ్రంథము మూలము. రెండవదానికి వ్యాసభారతము మూలము. అయినను కన్నడిగులు అతనిని ఆదికవియని కొలుచుచున్నారు. ఒరుల కథను చెప్పుట చేతగానితనమే యైనచో ఈ గౌరవము అతనికి దక్కియుండదు.

ఇక అతడు చేసిన మార్పులు చూడుడు. విక్రమార్జున విజయమున నాయకుడు అర్జునుడు. ఆ అర్జునుడు అరికేసరియే. గుణార్ణవుడు, ఉదాత్తనారాయణుడు, సామంతచూడామణి యను తన ప్రభువు బిరుదులను కవి అర్జునునకే తగిలించెను. ఏలికను అర్జునునితో ఒకటి చేసిన పిమ్మట, అతని భార్యకు ఐదుగురు భర్తలున్నారని చెప్పుట ఎట్లు? అందుచేత పంపని భారతమున ద్రౌపది అర్జునునొక్కనికే భార్య. యుద్ధానంతరము పట్టాభిషేకము ధర్మరాజునకు గాక అర్జునునకే జరిగెను. పక్కన పట్టపురాణిగా కూర్చున్నది ద్రౌపది కాదు, సుభద్ర.

ఇచ్చటనే విమర్శకుని పని మొదలగును. మూలమును మార్చెనను మాటయొక్కటియే తప్పు కాజాలదు. మార్చిన పిమ్మట కథ తన కాళ్లపై తాను నిలిచెనా యని చూడవలెను. ద్రౌపది అర్జునునికి మాత్రమే భార్యయైనచో ధర్మరాజు జూదమున పణముగా పెట్టినది తమ్ముని భార్యను. ఆ పని మూలమునకంటె మరింత హేయమై కనబడును గాని, కథ దానికి తగిన సమాధానము చెప్పలేకపోయెను. నిండుసభలో తలవెండ్రుకలు పట్టి ఈడ్వబడినది ద్రౌపది; ఆ పగను గుండెలో మోసినది ద్రౌపది; కడపట సింహాసనమెక్కినది మరియొకతె. ఇది రాజునకు సంతోషము కలిగించియుండవచ్చును. న్యాయము కోరు పాఠకునకు మాత్రము ముల్లువలె గుచ్చుకొనును. కవికి శక్తి చాలక కలిగిన లోపము కాదిది. కథకంటె ప్రభువు ముఖమును ఎక్కువగా చూచుటచేత కలిగినది.

అయినను అంతటితో పుస్తకము మూసివేయువాడు మంచి విమర్శకుడు కాడు. అర్జునుని గొప్ప చేయుటకు పుట్టిన కావ్యమున, అతనికి బద్ధశత్రువైన కర్ణుని పంపడు ఎంత గౌరవముతో చిత్రించెనో చూడవలెను. కర్ణుడు కూలిన ఘట్టమున, భారతమున తలచుకొనదగినవాడు కర్ణుడేయను భావము కవి నోటనే వెలువడినది. ఏలిక అర్జునుని కోరెను. కవి హృదయము కర్ణుని పక్కకు జరిగెను. పంపని మనకు సిఫారసు చేయువారు ఆ గ్రంథమునందలి ఈ రెండు ముఖములను చూపవలెను. ఒక్కదానినే చూపినచో అది స్తోత్రమో, నిందయో యగును.

పంపనికి తొలి విమర్శకులలో ఒకడు మరల కవియే యగుట గమనింపదగినది. 10వ శతాబ్ది చివర రన్నడను కవి కల్యాణ చాళుక్యుడైన సత్యాశ్రయుని భీమునితో పోల్చి గదాయుద్ధమను కావ్యము వ్రాసెను. ఇతడు పంపనినుండి ఎంతయో నేర్చెను, ఎంతయో తీసికొనెను. కాని కడపట భీమునితోపాటు పట్టము కట్టుకొన్న రాణి ద్రౌపది. పంపడు చేసిన అన్యాయమును రన్నడు దీర్ఘ వ్యాసము వ్రాసి ఖండింపలేదు. మరల కథ చెప్పి సరిదిద్దెను. ప్రభువును పొగడుటలో ఇతడును తక్కువ తినలేదు గాని, కథకు పడిన అప్పును తీర్చెను. ఇదియొక మేలైన విమర్శ పద్ధతి.

మన నన్నయ సంగతియు ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. 11వ శతాబ్దిని రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడును పాండవులు తన వంశకర్తలనియే భారతమును తెనిగింపగోరెను. ఇచ్చటను రాజాభిమానమే ప్రేరణ. అయినను నన్నయ ద్రౌపదికి ఐదుగురు భర్తలను మాటను దాచలేదు. పంచేంద్రోపాఖ్యానముతో సహా ఆదిపర్వమున చెప్పెను. ప్రేరణ యొక్కటియే యైనను ఫలము వేరగునని దీనివలన తెలియుచున్నది. కావున గ్రంథమును తూచునప్పుడు దానిని వ్రాయించినవాని కోరికను తెలిసికొనవలెనే గాని, ఆ కోరికనుబట్టియే తీర్పు చెప్పరాదు.

సిఫారసు సంగతి కొంత చెప్పుదము. కరీంనగరు ప్రాంతమున గంగాధరకు చేరువనున్న కుర్క్యాల బొమ్మలగుట్టపై పంపని తమ్ముడు జినవల్లభుడు ఒక శాసనము చెక్కించెను. సంస్కృత, కన్నడ, ఆంధ్ర భాషలు మూడును అందున్నవి. తెలుగు కందపద్యములలో మిక్కిలి ప్రాచీనమైనవి అందు మూడు కలవు. అన్నగారి కీర్తియు, ఆయన రాజువలన పొందిన ధర్మపురమను అగ్రహారమును ఆ శాసనమునకెక్కినవి. ఒక కవిని లోకమునకు సిఫారసు చేయుటకు రాతికంటె గట్టి కాగితము దొరకదు. చరిత్రకారులకు ఆ గుట్ట పెన్నిధి. విమర్శకునకో, అది తమ్ముడు అన్నను గూర్చి చెప్పిన మాట. నేటి మన పీఠికలలో, అభిప్రాయములలో ఇట్టి తమ్ముళ్లెందరో, ఇట్టి అన్నలెందరో! మిత్రుని పుస్తకమును మెచ్చుట తప్పు కాదు. మిత్రుడని చెప్పక మెచ్చుట తప్పు. జినవల్లభుడు తాను తమ్ముడనని దాచలేదు.

మూలమును ప్రశ్నించియే కొత్త కథ మొదలుపెట్టు సంప్రదాయము కూడ మనకు కలదు. విమలసూరి ప్రాకృతమున వ్రాసిన పఉమచరియమున శ్రేణిక మహారాజు లోకమున వాడుకలోనున్న రామకథను గూర్చి సందేహములు వెలిబుచ్చును. కుంభకర్ణుడు ఆరునెలలు నిద్రించుట యెట్లు, కోతులు రాక్షసవీరులను గెలుచుట యెట్లు అని అడుగును. వాటికి సమాధానముగా జైన రామాయణము నడచును. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒకరి అద్భుతములను కాదన్నవాడు తన అద్భుతములను కూడ అదే కంటితో చూచుకొనెనా యని పాఠకుడు అడుగవచ్చును. ఎదుటివారికొక తక్కెడ, తనకొక తక్కెడ యున్నచో అది విమర్శ కానేరదు.

ఇంతవరకు చెప్పినవి రాజసభలకు, ఆచార్యులకు చెందిన మాటలు. మరల బోధనుకే వత్తము. ఏ నేలపై చాళుక్యులు తొలుత కొలువు తీరిరో, ఆ నేలపైననే మాదిగలను ఆశ్రయించి బ్రతుకు చిందువారు తరతరములుగా యక్షగానము లాడుచు వచ్చిరి. బోధనుకు చేరువనున్న అమ్దాపురమున నివసించి, 2005లో స్వర్గస్థురాలైన చిందుల ఎల్లమ్మ వారిలో ప్రసిద్ధురాలు. చిందాటలో స్త్రీలును వేషము కట్టుదురు. ఈ సంగతి స్త్రీ రంగమెక్కుటను చిరకాలము నిషేధించిన ఇతర సంప్రదాయములను మెచ్చుకొను మనము సిగ్గుతో గుర్తింపవలసినది.

ఈ చిందువారాడు కథలలో జాంబపురాణము ముఖ్యమైనది. రామాయణమున భల్లూకరాజుగా మనమెరిగిన జాంబవంతుడు ఇందు మాదిగలకు మూలపురుషుడు. భూమికంటె ముందు పుట్టినవాడు. బ్రాహ్మణునితో వాదమునకు నిలిచి, ఎవరు ముందు, ఎవరు వెనుక అని నిలదీయును. ఊరి చివర నుంచబడినవారు ఊరికంటె, భూమికంటె తామే ముందని చెప్పుకొనుటలోని వేదనను చెవిగలవారెవ్వరును వినకపోరు.

ఇది ఏ పురాణమున ఉన్నదని పండితులు అడుగుదురు. ద్రౌపదికి ఒక్కడే భర్తయని ఏ పురాణమున ఉన్నదని పంపని అడిగిరా? సామంతరాజు గౌరవము కొరకు మార్చినది మహాకావ్యమును, గౌరవమే లేనివారు తమ గౌరవము కొరకు మార్చినది అపభ్రంశమును ఎట్లగును? రెండింటికిని ఒకే త్రాసు వేయవలెను.

త్రాసు ఒక్కటే యన్నచో జాంబపురాణమునకును మినహాయింపు లేదు. జాలిపడి మెచ్చుట కూడ ఒక విధమైన అవమానమే. ఈ పురాణమున మాకు కనబడు చిక్కొకటి కలదు. ముందు పుట్టినవాడే అధికుడను వాదమువలన, పుట్టుకయే ఘనతకు కొలతయను మాటను ఇదియు ఒప్పుకొనుచున్నది. ఏ కొలకర్రతో తమను కొట్టిరో ఆ కర్రనే తిప్పి పట్టుకొన్నారు గాని, దానిని విరిచివేయలేదు. అయితే వారికి అందుబాటులోనున్న కర్ర అదియొక్కటియే యనియు, ఎదుటివాని శాస్త్రముతోనే ఎదుటివానిని ఓడించుటలో గొప్ప నేర్పున్నదనియు మరియొకరు వాదింపవచ్చును. ఆ వాదము జరుగవలెను. ఒక కృతికి ఈయదగిన నిజమైన మర్యాద అట్టి వాదమే.

విమర్శలలోకెల్ల క్రూరమైనది తిట్టు కాదు, మౌనము. తెలంగాణమున కవులు లేరని ఒకరు వ్రాసిన మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చిరి. అందు 354 మంది కవులు చేరిరి. కోపించి వ్రాసిన నూరు వ్యాసములకంటె ఆ ఒక్క సంకలనము ఎక్కువ పని చేసెను. ఉన్నవారిని చూపుటయే లేరన్నవారికి తగిన సమాధానము. మంచి సిఫారసునకు గల బలమిది.

కావున గృహస్థులైన మా పాఠకులకు మేము విన్నవించునదిది. మీ యింటి పిల్ల తనకు ప్రియమైన పాత్రను తీసికొని కథ వ్రాసి తెచ్చినప్పుడు, ఇది నీ సొంతము కాదుగదా యని త్రోసివేయకుడు. బాగున్నదని చదువకయే తల నిమిరి పంపకుడు. మూలమును ఎరిగి మార్చెనా, ఎరుగక మార్చెనా యని అడుగుడు. మార్చిన తావున కథ అతుకుకొనెనా, అతుకు కనబడుచున్నదా యని చూపుడు. మార్పువలన ఎవరికి మాట వచ్చెను, ఎవరి నోరు మూతబడెను అని ఆలోచింపజేయుడు. ఆమె మూలకర్త సజీవుడైనచో అతని పేరును మొదటనే చెప్పుట మర్యాదయని నేర్పుడు. పురాణము ఊరుమ్మడి బావి. బ్రతికియున్న రచయిత కథ అతని పెరటిబావి. నీరు తోడుకొనవచ్చును గాని, బావి నాదనరాదు.

దోషము చెప్పునప్పుడు కథలోని ఏ తావున, ఏ మాటయందు దోషమో వ్రేలు పెట్టి చూపవలెను. వ్రాసినవారి కులమును, వయస్సును, ఆడదియను మాటను ఎత్తరాదు. ఒకరికి చదువుమని చెప్పునప్పుడు, ఎందుకు చదువవలెనో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో రెండును చెప్పవలెను. పంపని కర్ణుని చూపుచునే అతడు సింహాసనమునుండి దింపిన ద్రౌపదిని కూడ చూపగలిగిననాడు మనము మంచి పాఠకులము. బొమ్మలగుట్టపై శాసనమును చూచి వచ్చినవారు అమ్దాపురము దారి కూడ అడిగిననాడు మనది న్యాయమైన సాహిత్యము.