పాత లేత్‌ను చదవడం ఎలా?

ఏ పాత కార్ఖానాలోనో, వర్క్‌షాపు మూలనో దుమ్ము పట్టిన లేత్ ఒకటి మీ కంటపడిందనుకోండి. దాని పుస్తకం ఎప్పుడో పోయింది. నడిపినవారూ లేరు. ఆ యంత్రం గురించి ఎవరిని అడగాలి?

ముందు యంత్రాన్నే అడగండి. తయారీదారు పేరు చాలావాటికి పోతలోనే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అమెరికాలోని సౌత్ బెండ్ లేత్ అయితే వరుస సంఖ్య బెడ్ మీద, టెయిల్‌స్టాక్ వైపు చివర ఉంటుంది. ఓబ్రయన్ కవల సోదరులు 1906లో స్థాపించిన ఈ కంపెనీ లేత్ నడపడం నేర్పే చిన్న పుస్తకాన్ని కూడా అచ్చువేసింది. పేరు 'హౌ టు రన్ ఎ లేత్'. 1966 నాటికి అది 56వ కూర్పుకు చేరింది. మీది వేరే కంపెనీ లేత్ అయినా ఈ పుస్తకం పనికొస్తుంది, ఎందుకంటే వీటన్నిటిదీ ఒకే వంశం.

ఆ వంశంలో పెద్దవాడు లండన్‌లోని హెన్రీ మాడ్‌స్లే (1771–1831). మరలు కోసే లేత్‌లు అంతకుముందు లేకపోలేదు. కానీ 1800 ప్రాంతంలో ఆయన గట్టి ఇనుప బెడ్, పనిముట్టును పట్టి జరిపే స్లైడ్ రెస్ట్, లీడ్‌స్క్రూ, మార్చుకోదగ్గ పళ్లచక్రాలు ఒకే యంత్రంలో కూర్చి, ఒకే కొలత మరలను మళ్లీ మళ్లీ కోయగలిగాడు. అంతకుముందు ఒక బోల్టుకు చేసిన నట్టు మరో బోల్టుకు పట్టకపోవడం మామూలే! ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల మరను ప్రామాణికంగా ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. నేటి మెట్రిక్ మరదీ 60 డిగ్రీలే. కాబట్టి పాత యంత్రానికి కొత్త బోల్టు చేసే ముందు, ఏ కోణానికి పనిముట్టును సానపట్టాలో చూసుకోండి.

ఇక పళ్లచక్రాల లెక్క. లీడ్‌స్క్రూ మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని మరలున్నాయో లెక్కించండి. 8 ఉన్నాయనుకుందాం. మీకు అంగుళానికి 16 మరలు కావాలి. అంటే స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే లీడ్‌స్క్రూ అర చుట్టే తిరగాలి. తిప్పే చక్రానికి 24 పళ్లు, తిరిగే చక్రానికి 48 పళ్లు ఉంటే సరిపోతుంది. మధ్యలో ఒంటి చక్రం ఉంటే అది దూరాన్ని పూడుస్తుంది, దిశను మారుస్తుంది. నిష్పత్తి మాత్రం మారదు.

చక్రాల గుట్టలో 127 పళ్లది దొరికిందా? పారేయకండి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు; 254లో సగం 127. అదే లీడ్‌స్క్రూను 40 పళ్ల చక్రంతో 127 పళ్ల చక్రాన్ని తిప్పి నడిపితే, కచ్చితంగా 1 మిల్లీమీటరు మర వస్తుంది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్లింది. అంగుళాల లేత్‌లు మాత్రం షెడ్లలో మిగిలిపోయాయి. వాటికి ఈ చక్రమే దుబాసీ.

ఒక జాగ్రత్త. ఇలా మెట్రిక్ మర కోసేటప్పుడు మధ్యలో హాఫ్‌నట్ విప్పకూడదు. విప్పితే పనిముట్టు మళ్లీ అదే గాడిలో పడటం కష్టం. ప్రతి కోతకూ పనిముట్టును వెనక్కి లాగి, యంత్రాన్ని వెనక్కి తిప్పాలి. పాత లేత్‌లు చాలావాటికి చక్‌ను స్పిండిల్ మీద మరతోనే బిగిస్తారు. వేగంగా తిరుగుతున్న యంత్రాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పారో, బరువైన చక్ ఊడి మీ మీదికి రావచ్చు. పూర్తిగా ఆపండి, తర్వాత నెమ్మదిగా తిప్పండి. అంతకంటే ముందు, నూనె గిన్నెలు నింపి, కరెంటు తీసేసి, బెల్టును చేత్తో పట్టి స్పిండిల్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి.