ఫార్మికేషన్

ఫార్మికేషన్ అనగా చర్మం మీద గాని, చర్మం క్రింద గాని చీమలు పాకుతున్నట్లు కలిగే అనుభూతి. నిజానికి అక్కడ ఏ పురుగూ ఉండదు. ఇది స్వయంగా ఒక వ్యాధి కాదు, పలు వ్యాధులలో కనిపించే లక్షణం. తిమ్మిరి, సూదులు గుచ్చినట్లు ఉండటం వంటి స్పర్శ వికారాలతో కలిపి దీనిని పారెస్థీషియా అనే వర్గంలో చేరుస్తారు.

పద వ్యుత్పత్తి

లాటిన్ భాషలో ఫార్మికా అంటే చీమ. దాని నుండి "చీమల వలె పాకు" అనే అర్థం గల ఫార్మికారే అనే క్రియ, ఆ క్రియ నుండి ఈ పదం వచ్చాయి. చీమలలో ఉండే ఫార్మిక్ ఆమ్లం పేరుకు కూడా ఇదే మూలం. ఉచ్చారణలో దీనికి దగ్గరగా ఉండి, వ్యభిచారం అనే అర్థమిచ్చే ఫార్నికేషన్ అనే ఆంగ్ల పదానికి, దీనికి ఏ సంబంధమూ లేదు. ఆ పదం కమాను అనే అర్థం గల ఫోర్నిక్స్ నుండి పుట్టింది. రోగి వివరాలు వ్రాసేటప్పుడు ఒక్క అక్షరం తారుమారైతే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు!

చీమతో పోలిక లాటిన్ వారికే పరిమితం కాదు. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్, మిక్కిలి బలహీనమైన ఒక నాడీగతిని చీమ నడకతో పోల్చాడు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 17వ అధ్యాయంలో, పక్వానికి వస్తున్న వాపులో చీమలు కుట్టినట్లు, పాకినట్లు ఉంటుందని చెప్పబడింది. తెలుగులోనూ "ఒళ్ళంతా చీమలు పాకినట్లుంది" అనటం వాడుకే.

కారణాలు

మధుమేహం వలన నరాలు దెబ్బతినటం, బి12 విటమిన్ లోపం, ముట్లుడిగే దశ, కొన్ని మందుల దుష్ఫలితాలు ముఖ్యమైనవి. దీర్ఘకాలం త్రాగిన మద్యాన్ని హఠాత్తుగా మానినప్పుడు, కొకెయిన్, యాంఫెటమిన్ వంటి మాదక ద్రవ్యాలు వాడినప్పుడు ఇది తీవ్రంగా ఉంటుంది. కొకెయిన్ వాడకందారులలో ఈ భ్రాంతిని ఫ్రెంచి వైద్యుడు మాన్యాన్ 1889లో వర్ణించాడు.

అనుభూతి, నమ్మకం

పాకినట్లు అనిపించటం వేరు, నిజంగానే పురుగులున్నాయని గట్టిగా నమ్మటం వేరు. రెండవదానిని పరాన్నజీవి భ్రమ అంటారు. స్వీడన్ నాడీ వైద్యుడు ఎక్బోమ్ 1938లో దీనిని వివరించినందున ఎక్బోమ్ సిండ్రోమ్ అని కూడా పేరు. ఇటువంటి రోగులు గోకి తీసిన చర్మపు పొట్టును, నూలుపోగులను అగ్గిపెట్టెలో భద్రపరచి, పురుగులేనంటూ వైద్యునికి చూపటం కద్దు. దీనికి వైద్యులు అగ్గిపెట్టె గుర్తు అని పేరు పెట్టారు. వీరు అబద్ధమాడటం లేదు. గోకుడు వలన పుండ్లు పడి, వాటికి సూక్ష్మజీవులు సోకే ప్రమాదం నిజమైనది. అందుచేత "ఏమీ లేదు" అని పంపివేయక, ముందు గజ్జి వంటి నిజమైన చర్మవ్యాధి లేదని నిర్ధారించుకొని, పిదప రక్తంలో చక్కెర, బి12 పరీక్షలు చేయించి, వాడుతున్న మందులు, అలవాట్లు విచారిస్తారు. చికిత్స మూలకారణాన్ని బట్టి ఉంటుంది. భ్రమ స్థిరపడినవారికి మానసిక వైద్యుని సహాయం అవసరమవుతుంది.