గొలుసు, గుఱుతురాయి, లంకెబిందె

అమెరికా దేశమున ఆరిగన్ రాష్ట్రములోని బీవర్‌క్రీక్ పరిసరములందు, 2000 సంవత్సరము మే నెల 3వ తేదీన, డేవ్ అల్మర్ అనునతడు ఒక నల్లని బాల్చీని అడవిబాట ప్రక్కన సగమువఱకు నేలలో పాతి, అందులో పుస్తకములు, కొద్దిపాటి రొక్కము, ఒక చిక్కుడుగింజల డబ్బా, ఉండేలు మొదలగు చిల్లరమల్లర సామగ్రినుంచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించి, ఆసక్తిగలవారు వెదకికొనవచ్చునని చాటెను. ఉపగ్రహసంకేతములలో బుద్ధిపూర్వకముగా తాము కలుపుచుండిన దోషమును అమెరికా ప్రభుత్వమువారు అంతకు రెండునాళ్ల ముందే మాన్పుటచేత, అదివఱకు నూఱు మీటర్ల దాక తడబడుచుండిన సామాన్యుని చేతియంత్రము ఒక్కమాఱుగా పదిపదునైదు మీటర్లలో చోటు చూపజొచ్చినది. ఇట్లు పుట్టిన వేడుకకే జియోక్యాషింగ్ అని పేరు. పెట్టెను కనుగొన్నవాడు అందలి చిన్నపుస్తకములో తన పేరు వ్రాసి, ఒక వస్తువును తీసికొన్నచో దానికి తగిన మఱొకటి నుంచి, పెట్టెను యథాస్థానమున దాచి మరలవలెను. ఇది నిన్నమొన్నటి విదేశీ వినోదమని మనవారు తలంతురుగాని, అంకెలను పట్టుకొని నేలపై ఒక చుక్కను చేరుకొను విద్యయు, ఆ చుక్కను రాతితో గుఱుతుపెట్టి పదిలపఱచు ఆచారమును, ఆ పనిలో ప్రాణములు దక్కించుకొను జాగ్రత్తయు మన దేశమున శాస్త్రీయముగ వేరూనుకొన్నది చెన్నపురియందే.

1786లో విలియం పెట్రీ అను ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఎగ్మూరునందు సొంతఖర్చుతో నడపుచుండిన చిన్న వేధశాలను పిదప కంపెనీవారు స్వీకరింపగా, 1792లో నుంగంబాక్కమున దానికి కొత్త భవనము లేచినది. ఆ భవనమునకు రూపకల్పన చేసిన మైకేల్ టాపింగు, దూరదర్శినికి ఆధారముగా, పదునైదడుగుల పొడవును పది టన్నుల బరువును గల గ్రానైటు స్తంభము నొకదానిని నిలిపెను. వేయేండ్ల తరువాతివారికిని ఈ శాస్త్రము ఇచ్చట ఎప్పుడు నాటబడినదో తెలియుటకై దానిపై లాటిన్, తమిళ, తెలుగు, హిందుస్తానీ భాషలలో వ్రాతలు చెక్కించిరి. తెలుగు లేకుండ చెన్నపట్టణమున ఏ శాశ్వతశాసనమును పూర్తికాదని ఆనాటి తెల్లవారికే తెలిసియుండినది. ఈనాడు నుంగంబాక్కపు త్రోవను నడచుచు ఆ స్తంభమున్న ప్రాంగణములోనికి తొంగిచూడని మనవారిని ఏమనవలెను? నక్షత్రపరిశీలనము 1899లో కొడైకెనాలునకు తరలిపోయినను, స్తంభము వాతావరణ కార్యాలయపు ఆవరణలో నేటికిని నిలిచియున్నది. భారతదేశపు రేఖాంశములు లెక్కకట్టబడినది ఈ వేధశాలనుండియే. గ్రీనిచ్చి కాలముకంటె 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందుండిన మద్రాసు కాలమును బట్టియే 1905 వఱకు దేశపు రైళ్లు నడచినవి. ఇక టాపింగు మహాశయుడో, 1794లో ఈ పురముననే సర్వేబడి యొకటి తెఱపించి, తరువాత రెండేండ్లకు మచిలీపట్టణమున జ్వరముచేత మరణించెను. కిండీలోని ఇంజనీరింగు కళాశాల ఆ బడికి వారసురాలు.

స్తంభము ఒక చుక్క మాత్రమే. ఆ చుక్కనుండి దేశమంతటిని కొలుచుటకు గీత కావలెను. ఆ గీతను గీచినవాడు విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి. ఆతని గొలుసు కథయే విచిత్రమైనది: చీనా చక్రవర్తికి కానుకగా ఆంగ్లరాయబారులు కొనిపోయిన శాస్త్రపరికరములలో నదియు నొకటి, చక్రవర్తి వానిని సరకుచేయకపోవుటచే కలకత్తా చేరి, అక్కడ అమ్ముడుపోయి, కడకు లాంబ్టను చేతబడినది. 1802 ఏప్రిల్ 10న, తమిళులు పరంగిమలై యనియు దొరలు సెయింట్ తామస్ మౌంట్ అనియు పిలుచు కొండచెంత ఆరంభించి పెరుంబాక్కము గుట్టవఱకు, రమారమి ఏడున్నర మైళ్లు, ఆతడు ఈ గొలుసుతో కొలిచెను. రెండున్నర అడుగుల ఉక్కు లింకులు నలుబది, వెరసి నూఱడుగులు. దానిని నేలమీద ఈడ్చినచో కొలత చెడును గావున, ముక్కాలిపీటలపై నిలిపిన కొయ్యతొట్లలో సాగదీసి పఱచి, పైన గుడారపు నీడ పట్టించి, తొట్టితొట్టికి ఒక ఉష్ణమాపకమునుంచి, వేడి చదివి, పుస్తకమున వ్రాసి, అప్పుడే ముందునకు జరపుచుండిరి. ఇట్లు జరపిన మార్లు 400. పది డిగ్రీల ఫారన్‌హీటు వేడి హెచ్చినచో అట్టి గొలుసు అంగుళములో పదమూడవవంతు మాత్రమే సాగును. అది లెక్కింపదగినదా యని నవ్వువారు 400 చేత గుణించి చూతురుగాక, రెండున్నర అడుగులకు దగ్గఱగ తేలును. రోళ్లు పగులు రోహిణి కార్తెకు ముందు భరణీ కృత్తికల ఎండలలో, నీడలేని బయలున, ఖలాసీలు తొట్లు మోసి, పీటలు సరిదిద్ది, గుడ్డ పట్టి నిలిచిరి. నేడు మన చేతిలోని ఫోను నాలుగైదు మీటర్లు తప్పినను ఎంత కచ్చితముగ నున్నదని మెచ్చుకొనుచున్నాము.

ఆ గీతనుండి సాగిన సర్వేలో, కొండలపైని స్థానములందు బండమీద ఒక చుక్క, దానిచుట్టు ఒక వృత్తము చెక్కుట సర్వేవారి వాడుక. మెట్టనేలలందైతే అట్టి గుఱుతుగల రాతిని నేలలో పాతి, దానికి సరిగ నిట్టనిలువున పైన మఱొక రాతినుంచి, రెంటిని కలిపి వేదిక కట్టించుచుండిరి. దొర యొకడు రాత్రివేళ గుట్టపై దీపములు వెలిగించి, ఇత్తడి యంత్రముతో దిక్కులు చూచి, ఒక రాతిని భూస్థాపితము చేసి, దీనిని ఎవ్వరును కదపరాదని చెప్పిపోయినచో, దానిక్రింద లంకెబిందెలున్నవని తలంపని పల్లెకాపు ఎవడు? అంజనము వేయువానికి అంతకంటె గట్టి ఆనవాలు ఏమి కావలెను? నిధిపై ఆశతో పెకలింపబడిన రాళ్లు కలవు. తరువాతి కాలమున సర్వేవారు ఈ స్థానములను జిల్లా అధికారులకును గ్రామోద్యోగులకును అప్పగించి, క్షేమసమాచారములు తెప్పించుకొను ఏర్పాటు చేసిరి. రాయి దేనికో ఊరివారికి తెలిసియుండుటయే రాతికి రక్షయని వారికి అనుభవముమీద బోధపడెను. నేటి జియోక్యాషింగు నియమములును పెట్టెకొఱకు గొయ్యి త్రవ్వుటను నిషేధించుచున్నవి. అల్మరుగారి మొదటి బాల్చీయే ఈ నియమమునకు ఓడును! మన దేశమునందో, 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, నేలలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటినచో దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలకముగ తెలుపవలసియున్నది. గుప్తనిధులకై గుడులను త్రవ్వువారి వార్తలు తఱచు వినవచ్చు తెలుగుదేశమున, పాడుబడిన కోవెలచెంత సాయంకాలము చేతియంత్రము పట్టుకొని పొదలు తడవువాడు ఎంత నిర్దోషియైనను ఊరివారి కఱ్ఱలకు జవాబు చెప్పుకొనవలసివచ్చును.

ఈ అనుమానము కొత్తది కాదు. లాంబ్టను దూరదర్శినిని ఎత్తైన చోట నిలిపినపుడెల్ల, అది అంతఃపుర స్త్రీలను చూచుటకే యని స్థానికులు శంకించుచుండిరి. అపాయములకు కొఱత లేదు. 1808లో, కోణములు కొలుచునదియు అరటన్ను బరువుగలదియు నగు పెద్ద థియోడొలైటును తంజావూరు గోపురముపైకి మోకులతో లాగుచుండగా మోకు తెగి, యంత్రము గోడకు కొట్టుకొని సొట్టపడినది. లాంబ్టను తానే వారముల తరబడి దానిని సవరించెను. 1819లో కృష్ణా గోదావరుల నడిమి ఎల్లాపురపు అడవులకు, వానకాలమున, లాంబ్టను తన సహాయకుడైన జార్జి ఎవరెస్టును పంపగా, ఆతడును పరివారమును విషజ్వరమున కూలిరి. హైదరాబాదునకు మోసికొనిపోబడిన వారిలో కొందఱు తిరిగి లేవలేదు. ఎవరెస్టు తేరుకొనుటకై మఱుసటి యేట గుడ్‌హోపు అగ్రము వఱకు ఓడ నెక్కవలసివచ్చెను. అడవినిగూర్చి అక్కడివారిని అడుగక, కార్తెను లెక్కింపక ముందునకు నడచినందులకు వారు చెల్లించిన వెల ఇది. చుక్క ఎక్కడనున్నదో అంకెలు చెప్పును. నడుమనున్న వాగును, జ్వరమును, కోపమును చెప్పవు.

సర్వే అధికారియైన కాలిన్ మెకంజీ కొలువున చేరిన ఏలూరి యువకుడు కావలి వెంకట బొఱ్ఱయ్య ఈ సంగతి చక్కగ నెఱిగినవాడు. ఊరూర కరణములను, పెద్దలను, అర్చకులను పలుకరించి, వారి విశ్వాసము చూఱగొని, శాసనములను కైఫీయతులను సేకరించిన ఆ నేర్పరి 1803లో పిన్నవయసుననే గతించినను, ఆతని సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. ఆ సేకరణములో ఒక భాగము చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నేటికిని కలదు. సర్వేచరిత్ర వ్రాయువారు యంత్రములను వర్ణించినంత శ్రద్ధతో ఈ సోదరులను వర్ణింపకపోవుట నాకు వెలితిగనే తోచుచుండును.

ఇంత కొలిచిన దేశమున కొలతలు చిరకాలము సామాన్యునికి అందలేదు. తీరమునుండి 80 కిలోమీటర్ల లోపలి ప్రాంతపు వివరమైన పటములు నిషిద్ధములగుటచే, పటములకు పుట్టినిల్లైన చెన్నపురివాడే తన ఊరి సర్వేపటమును కొనలేని వింతస్థితి ఏర్పడినది. 2005 నాటి జాతీయపటవిధానము కొంత సడలింపగా, 2021 ఫిబ్రవరిలో వెలువడిన మార్గదర్శకములు ద్వారములను మఱింత తెఱచినవి.

ఇప్పుడు చెన్నపురిలో జియోక్యాషింగు వేడుకకు పూనుకొనువాడు పరంగిమలై యెక్కి, 1523 నాటి పోర్చుగీసుల కోవెలను, దాని చెంతనున్న లాంబ్టను ప్రతిమను చూచి, దిగువ మీనంబాకము విమానాశ్రయమువైపు దృష్టి మరల్చునుగాక. 1984 ఆగస్టు 2న అచ్చట, యజమాని లేని సామానులో దాచిన బాంబు ప్రేలి, 33 మంది మరణించిరి. అట్టి నగరమున మూతబిగించిన డబ్బాను వంతెనక్రిందనో, రైలుస్టేషను గోడసందుననో, సైనికుల ఆవరణ సమీపముననో ఉంచుట హాస్యము కాదు. పెట్టె లోపలిది పైకి కనబడునదై, ఇది ఏమిటో తమిళమునను ఇంగ్లీషునను వ్రాసిన చీటి గలదై, స్థలయజమాని సమ్మతి పొందినదై యుండవలెను. అంతకంటె మేలైన మార్గము పెట్టెయే లేని అన్వేషణము: కార్యాలయమువారి అనుమతితో నుంగంబాక్కపు స్తంభమును దర్శించి, అందలి వ్రాతనుబట్టి ఒక ప్రశ్నకు జవాబు చెప్పుట. ఆ పద్ధతియు ఈ క్రీడలో అంగీకృతమే.

కిండీ వనము జాతీయోద్యానము; కంచె దాటుట నేరము, పాముల సంగతి సరేసరి. 1977లో అడయారు ప్రవాహమునకు తెగి, ‘విరిగిన వంతెన’ యని పేరుపడిన కట్టడము ఛాయాచిత్రములకు అందమైనదేకాని, దాని అంచు ఎవ్వరిని మోయునో చెప్పజాలము. మెరీనాలో అలలు వెనుకకు లాగు బలము ఈతగాండ్రనే ముంచుచున్నది. ఈశాన్య ఋతుపవనమున, అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు, వీధిలో నిలిచిన నీరు మూతలేని మురుగుగుంతను కప్పివేయును. 2015 డిసెంబరులో అడయారు పొంగిన తీరు చూచినవారు ఏటిగట్టున పెట్టెలు దాచరు. నడివేసవి కత్తిరి యెండలలో ఉదయము పదిగంటల లోపుననే పని ముగించుకొని, నీరు వెంట నుంచుకొని, ఏ త్రోవను పోవుచున్నామో ఇంట చెప్పి, ఒంటరిగ గాక ఒక తోడుతో బయలుదేరుట యుక్తము. విదేశములనుండి వచ్చు మన బంధువులు మఱొక విషయము గమనింపవలెను: ఉపగ్రహసంకేతమును గ్రహించుట మాత్రమే చేయు జీపీయస్ యంత్రమునకు ఆటంకము లేదు గాని, ఉపగ్రహము ద్వారా మాటనో సందేశమునో పంపు యంత్రములకు ఈ దేశమున టెలికాం శాఖవారి అనుమతి యుండవలెను, అది లేక వానిని సంచిలో వేసికొనివచ్చిన యాత్రికులు విమానాశ్రయములందే నిర్బంధింపబడిన ఉదంతములు కలవు.